సావాసగాళ్లు లేనివాడి ఫైలు

పోయిన వారం మా అల్లుడు హన్మకొండలోని మా ఇంటికి వచ్చాడు. నేను రిటైరైన పోలీసు నిఘా పనిలోనే ఇప్పుడు తనూ ఉన్నాడు. ఒంటరిగా దాడులకు దిగేవాళ్లను ముందే ఎలా పసిగట్టాలో తమకు నేర్పుతున్న పాఠాన్ని ల్యాప్‌టాప్‌లో చూపించాడు. వాడి వెనుక ఎవరున్నారని కాదు, వాడిలో ఏం మారిందని వెతకాలట, ఆ మార్పు అందరికంటే ముందు ఇంట్లోవాళ్లకే తెలుస్తుందట. వింటుంటే నాకు నా చేత్తో మూసిన పాత ఫైలు ఒకటి గుర్తొచ్చింది.

మా కాలంలో, మీలో ఆ కొలువు చేసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అనుమానితుడి పేరు కాగితం నడుమ రాసి, చుట్టూ సావాసగాళ్ల పేర్లు పెట్టి గీతలు కలిపేవాళ్లం. గీతలు ఎన్ని ఎక్కువైతే మనిషి అంత ప్రమాదకరమని లెక్క. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని ఆ పటాలన్నీ నాకే అప్పజెప్పేవారు, నేనూ దానికి కొంచెం మిడిసిపడేవాణ్ణి.

ఒక పొద్దున మా నేతవాళ్ల వాడకట్టులోనే పవర్‌లూమ్ నడిపే ఇంటి ఆడపడుచు, వరసకు నాకు చెల్లెలు, ఆఫీసుకు వచ్చింది. "అన్నా, మా తమ్ముడు ఎవ్వలతోని మాట్లాడ్తలేడు, బువ్వకు సుత కిందికి దిగుతలేడు. బజారోళ్లను ఒక్కణ్ణి ఇడిసిపెట్టనంటాండు. నాకు భయమైతాంది, జర పిలిచి అడుగుండ్రి" అని ఏడ్చింది. రెండు రోజులు విచారించాను. వాడికి దోస్తులు లేరు, వచ్చిపోయేవాళ్లు లేరు, ఏ సంఘంలోనూ పేరు లేదు. కాగితం మీద ఒక్క గీత కూడా పడలేదు. ఫికర్ చెయ్యకు చెల్లే అని పంపించి ఫైలు మూసేశాను. ఆమెకు ఇబ్బంది రాకూడదని పేరు రాయకుండా 'తెలియవచ్చింది' అని మాత్రం రాశాను.

నెల తిరగకముందే వాడు బజారులో బాంబు పెట్టాడు. పూలమ్ముకునే ముసలామెకు చేయి పోయింది.

ఒక్కడే చేశాడంటే పైవాళ్లు నమ్మలేదు, వెనుక ఎవరో ఉండి తీరాలన్నారు. వాడి సంగతి ముందే తెలిసిన మనిషి వాడి అక్క ఒక్కతే. పోలీసులకు అప్పుడే చెప్పానని ఆమె మొత్తుకుంది గానీ, ఫైలులో ఆమె పేరు లేదు. ఆమే వచ్చి మాకు చెప్పిందని నేను అనాల్సింది. ఫైలు ఎందుకు మూశావని అడుగుతారన్న భయంతో నోరు మెదపలేదు. వాడి పేరు నుంచి ఆమె పేరుకు గీత గీసింది ఈ చేతులే. ఎనిమిది నెలలు జైల్లో ఉండి నిర్దోషిగా బయటికొచ్చింది. ఒకసారి బస్సులో ఎదురుపడి, తర్వాతి స్టాపులోనే దిగిపోయింది. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు పద్ధతులు మారాయి, సంతోషమే. ఇంట్లోవాళ్లు భయపడకుండా వచ్చి చెప్పాలని వాడవాడలా మైకులో అడుగుతున్నారు. మా వాడకట్టు నుంచి మాత్రం ఎవరూ రావడం లేదు. చెబితే ఏమవుతుందో వాళ్లకు నేర్పినవాణ్ణి నేనే.