పుటలు తిప్పే ఓసియాంగ్

మనీలాకు దక్షిణాన, తాల్ సరస్సు ఒడ్డున మా ఊళ్లో క్రీస్తు శ్రమల వారం వచ్చిందంటే ఓసియాంగ్ రాజ్యమే. మిగతా ఏడాదంతా ఆమె సంతలో సుమాన్ అమ్ముకునే మనిషి. జిగురుబియ్యం కొబ్బరిపాలలో ఉడికించి ఆకులో చుట్టి, గంప నెత్తిన పెట్టుకుని వెళ్లేది. ఆ వారం మాత్రం ఎంత గొప్పింటి ఆడవాళ్లైనా ఆమె కూర్చున్నాకే పాట బల్ల ముందు కూర్చోవాలి.

క్రీస్తు శ్రమల పాట మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. బల్లకు అటు ఒక జట్టు, ఇటు ఒక జట్టు. ఒకరు ఒక పద్యం పాడితే రెండోవాళ్లు తర్వాతది అందుకోవాలి. అందరి ముందూ పుస్తకాలు తెరిచి ఉంటాయి. ఓసియాంగ్ ఒక జట్టుకు పెద్ద. ఎదుటి జట్టుకు పెద్ద తిబాంగ్. ఇద్దరికీ ఇరవై ఏళ్లుగా పడదు. అయినా ఒకరు లేకపోతే రెండోవాళ్లకు గొంతు లేవదు. ఓసియాంగ్ పుట తిప్పగానే బల్ల చుట్టూ పుటలన్నీ ఒక్కసారిగా తిరిగేవి. ఆ చప్పుడంటే ఆమెకు మహా గర్వం.

ఊరికి తెలియని సంగతి ఒకటుంది. ఓసియాంగ్‌కు చదవడం రాదు.

స్పెయిన్ వాళ్ల కాలంలో పుట్టింది. విప్లవం రోజుల్లో తండ్రి కొడవలి పట్టుకుని వెళ్లినవాడు తిరిగి రాలేదు. అమెరికా వాళ్లు వచ్చి బళ్లు తెరిచేసరికి చంకలో చెల్లెలు, నెత్తిన గంప. అమ్మమ్మ పక్కన కూర్చుని విన్న పాట మొత్తం తలలో నిలిచిపోయింది. ఫలానా పద్యం దగ్గర అమ్మమ్మ పుట తిప్పేది కాబట్టి ఈమె కూడా అక్కడే తిప్పేది. వినేవాళ్లు చదువుతోందనుకున్నారు. కాదని చెప్పడానికి మొదటి ఏడు మొహమాటం, రెండో ఏడు భయం అడ్డొచ్చాయి. ఆ తర్వాత చెప్పే వీలే లేకపోయింది.

పంతొమ్మిది వందల ముప్ఫై అయిదులో దేశానికి రాజ్యాంగం వచ్చింది. పదేళ్లు మన ఇల్లు మనం దిద్దుకుంటే ఆ తర్వాత అమెరికా జెండా దిగుతుందన్నారు. ఆ రాజ్యాంగానికి ఔననడానికి మగవాళ్లు బడి దగ్గర వరస కట్టారు. ఓసియాంగ్ ఆ వరసకు సుమాన్ అమ్మింది. మొగుడు కద్యో చేపలు పట్టేవాడు. అతను ఓటు వేసే తెర వెనక్కి వెళ్లి, ఏదో పెద్ద పని చేసినవాడిలా మీసం దువ్వుకుంటూ బయటికొచ్చాడు.

"లోపల ఏం రాశావు?"

"చెప్పకూడదు."

"చెప్పకూడనిది నీ కడుపులో ఎప్పుడైనా నిలిచిందా?"

ఆ ఒక్కసారి నిలిచింది. ఆ తెర వెనక ఏముందో అన్న కుతూహలం ఓసియాంగ్‌కు ఆ రోజే పట్టుకుంది. దానితోపాటు ఉక్రోషం కూడా కలిగింది. తన తండ్రి పోయింది ఈ దేశం కోసమే గదా. మరి ఈ దేశం సంగతి తననొక్క ముక్క అడిగినవాడు లేడు.

ఆడవాళ్ల మాటకూ ఆ రాజ్యాంగంలో ఒక దారి పెట్టారు. మూడు లక్షల మంది ఆడవాళ్లు తమకు ఓటు కావాలని స్వయంగా రాసి చెబితే ఇస్తారు. లేకపోతే లేదు. అలా చెప్పడానికి ముందు పేరు నమోదు చేయించుకోవాలి. నమోదుకు చదవడం, రాయడం వచ్చి ఉండాలి.

అది ముప్ఫై ఏడో సంవత్సరం. ఏప్రిల్‌లో నమోదు, నెలాఖరున ఓటింగు. ఊరి బడిలో పంతులమ్మ లూదివీనా ఇల్లిల్లూ తిరిగింది. ఎక్కడికి వెళ్లినా ఒకటే జవాబు: "ఓసియాంగ్ వస్తే మేమూ వస్తాం. ఆవిడ చదువుకున్న మనిషి." ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా ఓసియాంగ్‌ది కుడితిలో పడ్డ ఎలుక పరిస్థితి. వెళ్తే గుట్టు బయటపడుతుంది, బల్ల ముందు పెద్ద కుర్చీ పోతుంది. వెళ్లకపోతే ఆ తెర వెనక ఏముందో తెలియకుండానే చచ్చిపోవాలి. పైగా తన వెనక ఊరి ఆడవాళ్లంతా ఆగిపోతారు.

ఆ ఏడు శ్రమల పాట ధాన్యం మిల్లు సెవెరో గారింట్లో. ఆయన డాబు మనిషి. పాత చిరుగు పుస్తకాలు తన ఇంటి పరువుకు తక్కువని మనీలా నుంచి కొత్తవి తెప్పించాడు. చిన్న అక్షరాలు, పెద్ద పుటలు. మధ్యాహ్నం పాట ఊపుగా మొదలైంది. అల్లం కషాయం తాగి గొంతు సవరించుకుని ఓసియాంగ్ అలవాటైన పద్యం దగ్గర పుట తిప్పింది. బల్ల చుట్టూ పుటలన్నీ ఒక్కసారిగా తిరిగాయి.

వెనక బెంచీ మీద కూర్చున్న లూదివీనా తనూ పుట తిప్పి, అనుమానం వచ్చి మళ్లీ వెనక్కి తిప్పి చూసుకుంది. ఆ పుటలో ఇంకా నాలుగు పద్యాలున్నాయి. తలెత్తి చూస్తే ఎవరి మొహంలోనూ తేడా లేదు. మాట పొల్లుపోకుండా ఆ నాలుగు పద్యాలూ అవతలి పుట మీద కళ్లు పెట్టి పాడేశారు.

ఓసియాంగ్ కూడా చూసింది, పంతులమ్మ వెనక్కి తిప్పిన పుటను. పాట మాత్రం ఆపలేదు.

పండగ వెళ్లిన మర్నాడు లూదివీనా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ఓసియాంగ్ కొబ్బరిపాలు కలుపుతోంది.

"అత్తా, మొన్న పుట ముందే తిప్పావు."

"చెయ్యి జారింది."

"నీకు జారిందనుకో. బల్ల చుట్టూ అందరికీ జారిందా?"

ఓసియాంగ్ గరిట ఆపింది. తన సంగతి బయటపడిందన్న భయం ఒక పక్క. దాని వెనకే ఇంకో ఆలోచన తన్నుకొచ్చింది: అంటే వాళ్లకు కూడా రాదా? ఆ తిబాంగ్‌కు కూడా?

"ఎవరితో అన్నావు?"

"ఎవరితోనూ అనలా. నాకు నిద్రపట్టకుండా చేస్తున్నది వేరే ఉంది. అంత లావు పుస్తకం తలలో ఎట్లా పట్టింది అత్తా?"

"అమ్మమ్మ పక్కన కూచున్నా, పట్టింది. అందులో ఏముంది?"

"పుట ఎప్పుడు తిప్పాలో?"

"అమ్మమ్మ తిప్పిన చోటే." అలా అన్నాక ఓసియాంగ్ చెయ్యి మళ్లీ ఆగింది. "అవునే, అమ్మమ్మకు మాత్రం చదువు వచ్చా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ నవ్వులో పాలు విరిగిపోయాయి.

"నమోదుకు రెండు వారాలుంది. రోజూ సాయంత్రం వస్తా. నేర్చుకుంటావా?" అంది లూదివీనా.

"యాభై ఏళ్ల దాన్ని. వంగని మానుని వంచుతావా?"

"వంచేదేముంది? పుస్తకం నీ లోపలే ఉంది. ఏ మాట కాగితం మీద ఎట్లా ఉంటుందో చూసుకోవడమే."

అలాగే మొదలైంది. పాత పుస్తకం ముందు పెట్టుకుని ఓసియాంగ్ పాడుతుంటే లూదివీనా వేలు మాటల కింద నడిచేది. నాలుగు రోజులకు వేలు ఓసియాంగ్‌దే అయింది. 'తల్లి' అన్న మాట ఒకసారి పోల్చుకున్నాక పుటపుటకూ కనిపించింది. గోడ అవతల నుంచి రోజూ గొంతు వింటున్న మనిషిని మొదటిసారి ఎదురుగా చూసినట్టయింది ఆమెకు. అప్పటినుంచి ఊళ్లో ఏది కనబడితే అది చదవడమే. కిరసనాయిలు డబ్బా, సమాధి రాళ్లు, మందుల కొట్టు బోర్డు, ఏదీ వదల్లేదు. ఒక్కటే చిక్కు. పాడితేనే అక్షరం నోటికొస్తుంది, మామూలుగా చదవబోతే నాలుక మొరాయిస్తుంది.

ఒక సాయంత్రం రేవులో కద్యో పడవ చదివింది. ఇంటికి వస్తూనే గరిట అందుకుంది.

"పడవ మీద నా పేరు రాయించానన్నావు గదా?"

కద్యో వల బాగుచేస్తున్నాడు.

"అది మీ అమ్మ పేరు. మూడేళ్ల నుంచి ఆ పడవ చూసి మురిసిపోతున్నా. నాకు చదవడం రాదని నీకు తెలుసన్నమాట."

"పెళ్లయిన ఏడే తెలుసు."

"మరి ఒక్కరోజైనా అన్లేదేం?"

"నువ్వు చెప్పలేదు గదా అని నేనూ అన్లేదు." వల ముడి బిగిస్తూ, "పాడేటప్పుడు నువ్వు చాలా బాగుంటావే," అన్నాడు.

ఓసియాంగ్ గరిట దించేసింది. మర్నాడు పడవ మీద పేరు మార్పించమంది. అత్తగారి ఆత్మ ఏమనుకుంటుందోనని మళ్లీ వద్దంది.

నమోదు రోజు బడి ముందు ఆడవాళ్ల వరస. ఓసియాంగ్ ముందు నిలబడిందని అందరూ వెనక చేరారు. తిబాంగ్ కూడా వచ్చింది, ఎగతాళి చేయడానికి. "ఆడవాళ్లు ఓట్లకు పోతే ఇంటి దగ్గర అన్నం మాడు వాసన. చూస్తుండండి," అంటోంది. బల్ల దగ్గర గుమస్తా పట్నం కుర్రాడు. కలం వంక బెదురుగా చూసేవాళ్లనల్లా అనుమానించి, గోడ మీద అంటించిన ప్రకటన చదవమంటున్నాడు. ఓసియాంగ్ కూడా కలం వంక అలాగే చూసింది.

"అది చదవండమ్మా."

ఆమె ప్రకటన వంక చూసింది. అది తన పుస్తకంలోది కాదు. మామూలుగా చదవబోతే నాలుక మళ్లీ మొరాయించింది. వెనక గుసగుసలు మొదలయ్యాయి. ఇక లాభం లేదనుకుని కళ్లు ఒకసారి మూసి తెరిచి, శ్రమల పాట రాగంలో ఎత్తుకుంది. ఒక్కో మాటా వేలితో పట్టుకుంటూ, దొరకని చోట రాగం సాగదీస్తూ పాడింది. దేశంలోని స్త్రీలు తమకు ఓటు హక్కు కావాలో వద్దో స్వహస్తాలతో రాసి తెలపవలెనని ఆ ప్రకటన. ఆమె పాడుతుంటే పాపం ఓటు హక్కును శిలువ ఎక్కిస్తున్నట్టే వినిపించింది.

"పాడమన్లేదు, చదవమన్నాను," అన్నాడు గుమస్తా.

"పాడకూడదని మీ రాజ్యాంగంలో ఉందా నాయనా? ఉంటే చూపించు, అదీ చదువుతా."

కుర్రాడు పక్కనున్న పైఅధికారి వంక చూశాడు. ఆయన నవ్వాపుకుంటూ కలం ఇవ్వమని సైగ చేశాడు. ఆమె పాట ఆపగానే వరసలో ఆడవాళ్లు అలవాటు కొద్దీ రాగం అందుకున్నారు. అందుకున్నారే గానీ వాళ్ల దగ్గర మాటలు లేవు. వట్టి రాగమే కాసేపు సాగి ఆగిపోయింది. ఓసియాంగ్ తన పేరు రాసి వెనక్కి తిరిగేసరికి వరస సగానికి తగ్గింది. తిబాంగ్ గేటు దాటుతోంది.

"ఎక్కడికే?"

"పొయ్యి మీద అన్నం పెట్టి వచ్చా," అంది తిబాంగ్, వెనక్కి చూడకుండా.

ఓసియాంగ్‌కు గెలిచిన సంతోషం ఇంటికెళ్లేదాకా కూడా నిలవలేదు. ఆ అన్నం సంగతి ఆమెకు తెలియనిదా? ఇన్నేళ్లూ తను కూడా అలాంటి అన్నాలు ఎన్ని పొయ్యి మీద పెట్టలేదు? నమోదుకు ఇంకో శనివారం గడువుంది. మర్నాడు ఆదివారం పూజయ్యాక చర్చి మెట్ల మీద ఆడవాళ్లందరినీ ఆపింది.

"ఒక మాట చెప్తా, ఆ తర్వాత నవ్వుకుంటారో తిట్టుకుంటారో మీ ఇష్టం. మొన్నటిదాకా నాకు ఒక్క అక్షరం రాదు. పుట ఊరికే తిప్పేదాన్ని."

ఎవరూ నవ్వలేదు. తేలు కుట్టిన దొంగల్లా నేల చూపులు చూశారు. చివరికి తిబాంగే నోరు విప్పింది.

"ఇరవై ఏళ్లు నీ చెయ్యి చూసి పుట తిప్పానే. దొంగ ముండా, నీకూ రాదా?"

"రాదు. నువ్వు నన్ను చూశావు, నేను అమ్మమ్మను చూశా. అమ్మమ్మ ఎవర్ని చూసిందో దేవుడికే తెలియాలి."

అప్పుడు నవ్వారు. ఆ వారం ఓసియాంగ్ వంటింట్లో చోటు లేకపోయింది. అందరికీ పాట కడుపులో ఉన్నదే, మాటలు కళ్లకు పరిచయం చేయడమే తరువాయి. రెండో శనివారం బడి ముందు గుమస్తా కుర్రాడు నాలుగు పాటలు వినేసరికి చేతులెత్తేసి, చదివించడం మానేసి కలం ఇచ్చేశాడు. నలుగురైదుగురికి మాత్రం పేరు రాయడం రాలేదు. వాళ్లు ఉత్త చేతులతో తిరిగి వెళ్లారు. వాళ్లను తలుచుకుంటే ఓసియాంగ్‌కు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నెలాఖరున తెర వెనక్కి వెళ్లింది. ఒక బల్ల, ఒక పెన్సిలు, చీమల బారు. ఇంతేనా అనుకుంది. ఔనని రాసి, అక్షరాలు మళ్లీ చదువుకుని బయటికొచ్చింది. తండ్రి గుర్తొచ్చి కళ్లు తడిశాయి. వెనకే తిబాంగ్ వచ్చింది.

"ఏం రాశావే?" అని అడిగింది ఓసియాంగ్.

"వద్దని రాశా."

"ఏమిటీ?"

"నాకు అక్షరం నేర్పింది నువ్వు. ఏం రాయాలో కూడా నువ్వే చెప్తావా?"

ఓసియాంగ్ ఆమెతో నెల రోజులు మాట్లాడలేదు. దేశం మొత్తం మీద మూడు లక్షలు దాటి ఇంకా బోలెడు మంది ఔనన్నారు. ఓటు వచ్చింది. డిసెంబరులో ఊరి ఎన్నికలకు ఓసియాంగ్ తెల్లారకముందే వెళ్తే వరసలో మొదట నిలబడ్డది తిబాంగే.

"అన్నం మాడదూ?"

"దించి వచ్చా. నువ్వు వెనక్కి పద."

మరుసటి ఏడు శ్రమల పాట మళ్లీ సెవెరో గారింట్లోనే, అవే కొత్త పుస్తకాలు. ఓసియాంగ్ పెద్ద కుర్చీ జోలికి పోకుండా చివర కూర్చోబోయింది. తిబాంగ్ చెయ్యి పట్టి లాక్కొచ్చి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టింది. పాట మొదలైంది. కళ్లు మాట వెంట నడవాల్సి రావడంతో ఓసియాంగ్ నోరు మునుపటికంటే నెమ్మదించింది. పుట చివరికి ఇంకా రెండు పాదాలున్నాయి. ఈమె కోసం చూడకుండానే ఎదురుగా తిబాంగ్ పుట తిరిగింది. ఓసియాంగ్‌కు ఒళ్లు మండింది. ఆ వెంటనే కుడిపక్కన ఇంకొకరిది తిరిగింది, తర్వాత ఆ మూలది. తన పుట తను చదవడం పూర్తిచేసి తిప్పుకుంది. తిప్పాక కూడా, పోయినేడు పేరు రాయలేక తిరిగి వెళ్లి, ఇప్పుడు ఆ చివర కూర్చున్న ముసలమ్మ పుట ఎప్పుడు తిరుగుతుందా అని పాడుతూనే చెవి ఒగ్గింది.