ఎడమ రెండున్నర

మనిషి రాజకీయంగా ఎడమకు ఎంత ఒరిగాడో, కుడికి ఎంత ఒరిగాడో తేలేదాకా మా చిన్న మామయ్య ఆ మనిషి ముక్కు మీద కళ్ళజోడు పెట్టేవాడు కాదు. కళ్ళజోళ్ళ షాపువాళ్ళందరూ కళ్ళకు పవర్ చూస్తారు. ఈయన అభిప్రాయాలకు కూడా చూసేవాడు. అందుకని వీధంతా ఆయన్ని పవర్ మామయ్య అనేది. పవర్ కోసం జీవితమంతా చెప్పులరిగేలా తిరిగిన నాయకులకు కూడా అంత చవగ్గా ఆ పేరు దక్కి ఉండదు.

నేను ఆ షాపులో కర్టెను వెనక కూర్చుని అద్దాల అంచులు అరగదీసేదాన్ని. ఎవరూ నేర్పలేదు. బోలెడన్ని అద్దాలు పాడుచేసి నేర్చుకున్నాను. సానరాయి తిరుగుతుంటే ఏమీ వినబడదు. ఆపితే ముందుగదిలో మాటలన్నీ వినబడతాయి. మాటలు మంచి రసపట్టులో పడ్డప్పుడల్లా నా సానరాయికి విశ్రాంతి దొరికేది.

ఆయన లెక్క చాలా సులువు. ఉన్నది అందరికీ పంచాలనేవాళ్ళు ఎడమ. ఎవరిది వాళ్ళకే ఉంచాలనేవాళ్ళు కుడి. ఎంత ఎడమ, ఎంత కుడి అన్నది కళ్ళజోడు పవర్‌లాగే పావుల్లో చెప్పేవాడు. ఒకసారి లెక్కల టీచరుగారు వచ్చారు. ఆవిడ ముక్కు మీద అద్దాలు మార్చి మార్చి చూసే ఇనప ఫ్రేము బిగించి, గోడ మీది అక్షరాలు చదివిస్తున్నాడు.

"ఈ అద్దం బాగుందా, ఇదా?"

"మొదటిది."

"వీధి కుళాయి కారిపోతోంది. ఎవరు బాగుచేయించాలి?"

"అదేంటండీ, మధ్యలో కుళాయి?"

"తల కదపకండి. జవాబు చెప్పండి."

"మున్సిపాలిటీవాళ్ళు చేయించాలి."

"ఎడమ ఒకటి. వాళ్ళు రాకపోతే?"

"తలా కాస్త వేసుకుని మేమే చేయించుకుంటాం."

"ఎడమ ఒకటింపావు. మరి నేను వేసుకోనన్నవాడికి నీళ్ళివ్వాలా?"

"వాడికెందుకండీ ఇవ్వడం, మాకేమైనా పిచ్చా?"

మామయ్య తృప్తిగా తలాడించాడు. "అదీ సంగతి. పైకి ఎడమ, లోపల కుడి అర. కంగారు పడకండి, చాలామందికి ఉంటుంది."

ఒక జంటకు ఇలాగే చూసి, భర్తగారిది ఎడమ ఒకటిన్నర, భార్యగారిది కుడి రెండు అని తేల్చాడు. "నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ అనుమానమేనండి" అని ఆవిడ నిట్టూర్చింది. కళ్ళజోడు తీసుకోవడం మర్చిపోయి, దారంతా అదే మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

ఆయనకు ఒక సిద్ధాంతం కూడా ఉండేది. నలభై దాటగానే కంటికి చత్వారం వచ్చినట్టే అభిప్రాయాలకూ వస్తుందట. "చత్వారంలో దూరానివి బాగా కనబడతాయి, చేతిలోవి కనబడవు. వయసు మీద పడ్డవాళ్ళని చూడు. దేశం మొత్తం స్పష్టంగా కనబడుతుంది. పక్కింటివాడే మసగ్గా ఉంటాడు" అనేవాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన చూపు గుమ్మంలోంచి రోడ్డు దాటి ఎదురు షాపు మీదికి వెళ్ళేది.

ఎదురు షాపు కూడా కళ్ళజోళ్ళదే. అది మా పెద్ద మామయ్యది. అన్నదమ్ములిద్దరూ ఒకప్పుడు ఒకే షాపులో పక్కపక్క కుర్చీల్లో కూర్చునేవారు. ఒక ఎన్నికల్లో పెద్ద మామయ్య ప్రెస్సు కార్మికుల నాయకుడికి ఓటేశాడు. చిన్న మామయ్య దుకాణదారుల సంఘం అధ్యక్షుడికి వేశాడు. వేసి ఊరుకున్నా బాగుండేది. ఇద్దరూ ఇంటికొచ్చి చెప్పుకున్నారు. మాటకు మాట పెరిగింది. మర్నాడు పెద్ద మామయ్య తన కుర్చీ తనే నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటాడు. అంతే. అప్పటినుంచీ ఎడమొహం పెడమొహం.

"ఆ మాటలో ఎడమ ఉంది, కుడి లేదు, గమనించావా?" అని చిన్న మామయ్య నన్నడిగేవాడు. "తప్పెవరిదో భాషకు కూడా తెలుసు."

ఇద్దరి మధ్య ఏ కబురైనా నేనే మొయ్యాలి. "మీ షాపాయనకి చెప్పు, మా మెట్ల మీద ఆయన అట్టపెట్టెలు పెట్టొద్దని" అని పెద్ద మామయ్య. "ఎదురు షాపాయనకి చెప్పు, గాలికి ఎగిరొచ్చాయని" అని చిన్న మామయ్య. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు ఒకరికొకరు షాపాయనలైపోయారు.

దీనికి తోడు చిన్న మామయ్య ఒక నియమం పెట్టుకున్నాడు. ఎడమ రెండు దాటినవాళ్ళకు కళ్ళజోడు ఇవ్వడు. "మీ పవర్‌కి మా దగ్గర అద్దం లేదు. ఎదురు షాపుకి వెళ్ళండి" అనేస్తాడు. వీధిలో అందరూ ముక్కున వేలేసుకున్నారు. పంతానికైనా ఒక హద్దుండాలి కదా అన్నారు. మా అత్తయ్య మాత్రం వంటింట్లోంచి, "గుమ్మంలోకొచ్చిన లక్ష్మిని చెయ్యిపట్టుకుని ఎదురింట్లో దిగబెట్టొచ్చే మగాణ్ణి నేనెక్కడా చూళ్ళేదు" అనేది. కానీ ఆ మాటలో ఉండాల్సినంత కోపం ఉండేది కాదు. అది నాకు చాలా ఆలస్యంగా తట్టింది.

నాకు మొదటి అనుమానం వడ్డీ వ్యాపారి వచ్చిన రోజున వచ్చింది. వీధిలో సగం ఇళ్ళు ఆయనవే. ఉన్నవాటిలో ఖరీదైన బంగారు రంగు ఫ్రేము కావాలన్నాడు. మామయ్య కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"వీధి కుళాయి కారుతోంది..."

"ఎవడి దాహం వాడిది."

"అద్దె కట్టలేనివాణ్ణి ఏం చెయ్యాలి?"

"సామాను బయట పడెయ్యాలి. వానాకాలమైతే మరీ మంచిది. త్వరగా కదుల్తాడు."

మామయ్య గుమ్మంలోంచి ఎదురు షాపు వైపు ఓసారి చూశాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఎడమ మూడు" అన్నాడు.

నా చేతిలోని అద్దం జారి ఒళ్ళో పడింది.

"ఎవరు, నేనా?" అన్నాడు వడ్డీ వ్యాపారి.

"లోలోపల. మీకే తెలీకుండా పెరిగింది. ఇవి ముదిరాక గానీ బయటపడవు."

"మా ఇంటావంటా లేదండీ."

"ఎదురు షాపాయన చూస్తాడు. మంచి హస్తవాసి. ఎవరికీ చెప్పడు కూడా."

ఆ మహానుభావుడు ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసుకుంటూ, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని రోడ్డు దాటాడు. పెద్ద మామయ్య ఆయన్ని మనవాడే అన్నట్టు కూర్చోబెట్టి, శ్రమ విలువ గురించి ఉపన్యాసం ఇచ్చి, బంగారు రంగు ఫ్రేము అమ్మాడట.

"మామయ్యా, ఆయన ఎడమేంటి?" అన్నాను కర్టెను తీసి.

"నీకు అద్దాల సంగతి తెలుసు. మనుషుల సంగతి తెలీదు. పని చూసుకో."

పని చూసుకోలేదు. ఎదురు షాపు చూశాను. పొద్దున్నించీ ఆ గుమ్మం తొక్కినవాళ్ళు లేరు. అప్పటినుంచీ గమనించడం మొదలుపెట్టాను. పెద్ద మామయ్య షాపులో ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉన్న రోజున మా వీధి మొత్తం కుడివైపే ఉండేది. ఆ షాపు ఖాళీగా ఉన్న రోజున మా షాపులో విప్లవం వచ్చేది. పొద్దున కుడి ఒకటి అనిపించుకున్న మనిషి జోడు మర్చిపోయి సాయంత్రం మళ్ళీ వస్తే ఎడమ రెండున్నర అయిపోయేవాడు. పెద్ద మామయ్యకు జ్వరం వచ్చినప్పుడైతే, చిన్న మామయ్య దారిన పోతున్న డాక్టరుగారిని చెయ్యిపట్టుకుని ఆపి ఎడమ నాలుగు అన్నాడు. ఆ డాక్టరు అసలు కళ్ళజోడే పెట్టుకోడు.

నిజానికి చూపుకు సరైన పవర్ పట్టుకోవడంలో పెద్ద మామయ్య తర్వాతే ఎవరైనా. చిక్కంతా ఆయన నోటితోనే. ఎవరైనా గుండ్రటి ఫ్రేము అడిగితే, "గుమ్మడికాయకి గాజులు తొడిగినట్టుంటుంది. వద్దు" అనేవాడు. మళ్ళీ ఆ గుమ్మడికాయ ఆ గడప తొక్కదు.

ఈ పంపకాల సంగతి అత్తయ్యను అడిగాను. ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే, "నీకిప్పుడు తెలిసిందా? నాకు మొదటి నెల్లోనే తెలుసు" అంది.

"మరి వెళ్ళి మాట్లాడొచ్చుగా?"

"ముందు ఎవరు మాట్లాడాలన్నదే కదే అసలు గొడవ. ఈయనకి మాట్లాడ్డం రాదు. మనుషుల్ని పంపడం ఒక్కటే వచ్చు. అట్లా పంపీ పంపీ ఇద్దరి జుట్టూ తెల్లబడిపోయింది. అన్నదమ్ముల మధ్య ఉన్నది ఒక్క రోడ్డు. అదేమైనా సముద్రమా, ఈదలేకపోవడానికి?"

రోజులు అలాగే గడిచిపోయేవేమో. ఇంతలో దర్జీ తిరిగొచ్చాడు. మామయ్య ఇచ్చిన జోడు పెట్టుకుంటే సూదులు రెండు కనబడుతున్నాయట. "దేంట్లో దారం ఎక్కించమంటారు?" అని అడిగాడు. తర్వాత మరొకరు, ఆ తర్వాత ఇంకొకరు. మామయ్య అద్దాలపెట్టెలో అంకెలు తడిమి తడిమి చూస్తున్నాడు. ఏదో తప్పుతోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒక మధ్యాహ్నం ఆయన గుమ్మంలో నిలబడి, "ఎదురు షాపు ఇవాళ తియ్యలేదేం?" అన్నాడు.

తీసే ఉంది. పెద్ద మామయ్య గాజు అలమర తుడుస్తూ ఎదురుగానే ఉన్నాడు.

ఆ మాట చెప్పాను. మామయ్య తన కుర్చీలో కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తప్పు పవర్లు ఇచ్చే షాపు ఎన్నాళ్ళో నడవదు. అది ఒక ఎత్తు. ఎదురు షాపు ఖాళీగా ఉందో లేదో చూడలేనివాడు ఎవరిని ఎడమ అనాలి, ఎవరిని కుడి అనాలి?

"పెద్దాసుపత్రికి వెళ్దాం మామయ్యా."

"వెళ్దాంలే. చిన్నప్పటినుంచీ నా కళ్ళు చూసింది ఒక్కడే. ముందు వాడు చూసి చెప్పాలి. వాడు చూడడు" అన్నాడు. మళ్ళీ తనే, "అన్నయ్య చూడడు" అన్నాడు. ఆ నోట్లోంచి అన్నయ్య అన్న మాట వినడం నాకు అదే మొదటిసారి.

నేను ఆయన్ని లేపి, రోగులు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన కళ్ళజోడు తీసి, ముక్కు మీద ఇనప ఫ్రేము బిగించాను.

"వీధి కుళాయి కారుతోంది. ఎవరు బాగుచేయించాలండీ?"

"ఏమే, ఏంటిది?"

"తల కదపకండి. జవాబు చెప్పండి."

"ఎవడి ఇంటిముందు కారితే వాడు చేయించుకోవాలి. మున్సిపాలిటీ కోసం కూర్చుంటే వీధి మునుగుతుంది."

"పన్నులు?"

"సగం తీసెయ్యాలి."

"యూనియన్లు?"

"వాటి పేరెత్తకు. తలనొప్పి వస్తుంది."

"ఎడమ రెండున్నర" అన్నాను. "మీ పవర్‌కి మా దగ్గర అద్దం లేదు. ఎదురు షాపుకి వెళ్ళండి."

మామయ్య కాసేపు నావైపు, నేనున్నాననుకున్న వైపు చూశాడు. "ఈ దొంగలెక్క నీకెవరు నేర్పారే?"

"ఎవరూ నేర్పలేదు. వినీ వినీ వచ్చింది."

ఆయన లేచి, తన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, చొక్కా సర్దుకున్నాడు. తల దువ్వుకున్నాడు. గుమ్మందాకా వెళ్ళి వెనక్కొచ్చి మళ్ళీ తల దువ్వుకున్నాడు. చెయ్యిపట్టుకుని రోడ్డు దాటించాను.

పెద్ద మామయ్య మమ్మల్ని చూసి కుర్చీ చూపించాడు. తమ్ముడికి కుర్చీ కనబడలేదని అర్థమయ్యాక తనే వచ్చి భుజం పట్టుకుని కూర్చోబెట్టాడు. ఇద్దరూ గొంతులు సవరించుకున్నారు. ఎవరూ మొదలుపెట్టరు. చివరికి పెద్ద మామయ్య, గోడతో మాట్లాడుతున్నట్టు, "ఎవరు పంపారు?" అన్నాడు.

"ఈ పిల్లే. ఎడమ రెండున్నరట."

"నువ్వు పంపేవాళ్ళందరూ ఇలాంటి ఎడమలే. ఆ వడ్డీ ఆయన వచ్చినప్పుడే నాకు తెలిసిపోయింది."

"తెలిస్తే ఒక్క మాట అనకూడదా?"

"అంటే పంపడం మానేస్తావని." పెద్ద మామయ్య గొంతు తగ్గించాడు. "మానేస్తే, నువ్వెట్లా ఉన్నావో నాకు చెప్పేవాళ్ళెవరు? వచ్చిన ప్రతివాణ్ణీ ముందు అదేగా అడిగేవాణ్ణి."

వాళ్ళకు ఆ తర్వాత మిగిలిన కాలం తక్కువే. శుక్లాలు తీయించుకుని చిన్న మామయ్య రోడ్డు ఇవతలి నుంచి అవతలికి మళ్ళీ చూడగలిగాడు గానీ, కొన్నాళ్ళకే అక్కడ చూడ్డానికి మనిషి లేకుండా పోయాడు. చిన్న మామయ్య కూడా ఆట్టే ఆలస్యం చెయ్యలేదు. ఆ రోడ్డు ఇప్పుడు దాటుతుంటే నాకు ఎన్నో అడుగులు పట్టవు. అన్నేళ్ళు వృథాగా పోయాయే అన్న బెంగ మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుదాకా వెంటే వస్తుంది.

కానీ ఆ రోజు సంగతి పూర్తిగా చెప్పాలి. పెద్ద మామయ్య తమ్ముడి కళ్ళజోడు తీసి వెలుతురులో పెట్టి చూశాడు. "ఇదెవరిచ్చార్రా?"

"నువ్వే."

"నేనెప్పుడిచ్చాను?"

"ఎన్నికల ముందు."

పెద్ద మామయ్య ఆ అద్దాలు తుడవడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. "ఇన్నేళ్ళూ ఇదే పెట్టుకున్నావా, బుద్ధిలేకుండా?"

"ఇంకెవరి దగ్గర చూపించుకోను?"

"అయితే ఆ ఓటు కూడా దీంతోనే వేశావా?"

"దీంతోనే."

"అట్లా చెప్పు" అన్నాడు పెద్ద మామయ్య, గుండెల మీంచి బరువు దిగిపోయినట్టు. "పవర్ తక్కువిచ్చాను. గుర్తు సరిగ్గా కనబడి ఉండదు. తప్పు నాదే, నీది కాదు."

"గుర్తు శుభ్రంగా కనబడింది. చూసే గుద్దాను."

"కనబడితే వాడికెట్లా గుద్దుతావురా?"

"కనబడింది కాబట్టే గుద్దాను."

ఇక అక్కడినుంచీ నేను రాయదగ్గ మాటలు తక్కువ. నేను బయటకొచ్చేసరికి అరుపులు విని అత్తయ్య తడిచేతులతోనే రోడ్డు దాటి వస్తోంది.

"ఏమైందే?"

"పోట్లాడుకుంటున్నారు అత్తయ్యా."

"దేనికి?"

"ఓటు గురించి."

అత్తయ్య కొంగుతో చేతులు తుడుచుకుని, పెద్ద మామయ్య షాపు మెట్టు మీద తీరిగ్గా చతికిలబడింది. "అమ్మయ్య" అంది. "నువ్వు లోపలికెళ్ళి సర్దిచెప్పకు. కానియ్యి. బాగా పోట్లాడుకోనీ."