ఫ్రిజ్ మీద గ్రీకు అక్షరాలు

మా ఆయనంటే నాకు అసూయ. ఈ మాట ముందే చెప్పేయడం నయం, లేకపోతే చివరిదాకా దాచిపెట్టి తిరగాలి. ఆయన అందం చూసి కాదు, నలుగురిలో కలుపుగోలుగా ఉంటాడనీ కాదు. ఆయన చదివిన చదువు చూసి. ఎం.డివ్. అంటారు దాన్ని. పాస్టర్లుగా వెళ్ళాలనుకునేవాళ్ళు డిగ్రీ అయ్యాక చదివే మూడేళ్ళ కోర్సు. క్రైస్తవ వేదాంతం, సంఘ చరిత్ర, ప్రసంగం ఎలా తయారుచేసుకోవాలి, దవాఖానాలో ఉన్న మనిషిని ఎలా పలకరించాలి, వీటన్నిటితో పాటు బైబిలు మొదట రాసిన గ్రీకూ హీబ్రూ నేర్పుతారు. ఆ చదువు నాది కావలసింది. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

మా నాన్న గుంటూరు వైపు ఒక పల్లెలో పాస్టరు. ఆయన చేతిరాత ఆయనకే అర్థమయ్యేది కాదు. అందుకని శనివారం సాయంత్రాలు ఆయన చెబుతుంటే రేపటి ప్రసంగానికి నోట్సు నేను రాసిపెట్టేదాన్ని. ఏడో తరగతికి వచ్చేసరికి "ఇక్కడ ఒక ఉదాహరణ పడాలి నాన్నా" అని సలహాలు కూడా ఇచ్చేదాన్ని. ఆదివారం ఆ ఉదాహరణ వేదిక మీంచి వినిపిస్తే నాకు ఆ పూట అన్నం కూడా సయించేది కాదు, అంత సంతోషం. ఇంటర్ అయ్యాక థియాలజీ చదువుతానన్నాను. నాన్న నవ్వి, "సేవంటే అంత ఇష్టమైతే పాస్టరుకే ఇచ్చి చేస్తానులేమ్మా" అన్నాడు. ఆ మాటకు నాకొచ్చిన కోపం ఇంజనీరింగు పూర్తయ్యేదాకా తగ్గలేదు. హైదరాబాదొచ్చి సాఫ్ట్‌వేర్ టెస్టర్నయ్యాను. పాస్టరమ్మను కాకూడదని ఏరి కోరి ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయిని చేసుకున్నాను.

మా ఆయనది ఇక్కడే, హైదరాబాదు శివార్లలో నార్సింగి పక్క ఊరు. హిందూ కుటుంబం. కాలేజీలో ఉండగా స్నేహితుడితో ప్రార్థనకు వెళ్ళి, అలా విశ్వాసంలోకి వచ్చిన మనిషి. పెళ్ళైన ఆరో ఏడు, ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ రోడ్డు పక్కన బండి ఆపాడు.

"నేను రిజైన్ చేస్తున్న. ఎం.డివ్. చదువుత. ప్రభువు పిలిచిండు."

అలాంటి మాట వినగానే పెళ్ళానికి ఇల్లెలా గడుస్తుందన్న భయం రావాలి. నాకు రాలేదు. నన్నెందుకు పిలవలేదు అన్న ప్రశ్న వచ్చింది. పదిహేడేళ్ళ వయసు నుంచి నేను తలుపు దగ్గర నిలబడి ఉంటే, నిన్నగాక మొన్న వచ్చిన మనిషిని లోపలికి రమ్మన్నట్టనిపించింది. "మంచిదండీ" అన్నాను. ఆయన నా భుజం తట్టి బండి స్టార్ట్ చేశాడు.

పెళ్ళైన మగవాడికి సీటివ్వాలంటే ఆయన అప్లై చేసిన థియాలజీ కాలేజీ వాళ్ళు భార్యను కూడా ఇంటర్వ్యూకి పిలుస్తారు. బల్ల వెనక ముగ్గురు పెద్దలు కూర్చున్నారు.

"అమ్మా, మీకు కీబోర్డు వాయించడం వచ్చా?"

"రాదండి."

"సండే స్కూలు పిల్లలతో అలవాటుందా?"

"ఉందండి."

"ఆయన సేవలో తిరుగుతుంటే ఇల్లు మీరు చూసుకోగలరు కదా?"

"చూసుకుంటానండి."

ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. బైబిల్లో నాకేది ఇష్టమనో, నేనెప్పుడైనా చదవాలనుకున్నాననో ఎవరూ అడగలేదు. బయటికొచ్చాక మా ఆయన "మస్తు చెప్పినవ్" అని మెచ్చుకున్నాడు. రాదండి, ఉందండి, చూసుకుంటానండి. ఇందులో మస్తుగా చెప్పిందేమిటో నాకు అర్థం కాలేదు.

ఆయనకు సీటు వచ్చిన వారం నుంచి చర్చిలో అందరూ నన్ను "అమ్మగారు" అనడం మొదలుపెట్టారు. పాస్టరుగారి భార్యను అలా పిలవడం మాలో అలవాటు. ఆయన ఇంకా ఒక్క పాఠం చదవనేలేదు, నాకు మాత్రం ప్రమోషన్ వచ్చేసింది. నాకన్నా పదిహేనేళ్ళు పెద్దావిడ కుర్చీలోంచి లేచి నాకు చోటిచ్చేది. ఆఫీసులో ఇంకో రకం గొడవ. మా టీములో ఒక అమ్మాయి క్యాంటీన్లో అందరి ముందూ అడిగింది.

"అక్కా, అన్న ఫాదర్ అయితుండట గద? ఫాదర్లు పెండ్లి చేస్కోరు గదక్కా, మరి నీ సంగతేంది?"

ఫాదర్లు వేరు, పాస్టర్లు వేరు, వీళ్ళకు పెళ్ళాలుంటారు తల్లీ అని ఆ ఏడాదిలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు.

మొదటి ఏడాది గ్రీకు మా ఆయన ప్రాణం తోడేసింది. అట్టముక్కలు కత్తిరించి, ఒకవైపు గ్రీకు మాటా రెండోవైపు తెలుగు అర్థమూ రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించేవాడు. రాత మాత్రం ముత్యాల్లా ఉండేది. నేను ఆఫీసు నుంచి రాగానే టీ ఇచ్చి, ఎదురుగా కూర్చోబెట్టి, ఆ రోజు క్లాసులో చెప్పిందంతా మళ్ళీ నాకు చెప్పేవాడు. ఏ అక్షరం ఎలా పలకాలో నోరు తెరిచి చూపించేవాడు. ఇంకొకరికి చెబితే తనకు గుర్తుంటుందని అనేవాడు. నా ఆశ కనిపెట్టే అలా చేశాడేమో, నేనెప్పుడూ అడగలేదు. రెండు నెలలు తిరిగేసరికి ఆయనకంటే నాకే ఎక్కువ వచ్చాయి. పోపు మాడకుండా చూసుకుంటూనే క్రియారూపాలు అప్పజెప్పేదాన్ని. ఆయనకు పరీక్షలో అత్తెసరు మార్కులు వచ్చాయి.

"ఇగ నువ్వే పోయి రాసిరా పరీక్ష" అని పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయన పుస్తకాలు ఆఫీసు క్యాబ్‌లో చదివేదాన్ని, పేజీలు మడత పడకుండా. వాటిలో గీతలన్నీ ఆయన గీసినవే. ఆయన గీత గీయని చోట నాకు గొప్ప మాట కనబడితే, ఇది ఈయన కంట పడలేదు కదా అని లోలోపల మురిసిపోయేదాన్ని. బయోడైవర్సిటీ జంక్షన్లో ట్రాఫిక్ ఆగిపోతే సంతోషించే మనిషి ఈ ఊళ్ళో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

చివరి ఏడాది విద్యార్థి తన సొంత సంఘంలో, అంటే తను వెళ్ళే చర్చిలో, ఒక ప్రసంగం చేయాలి. కాలేజీ నుంచి ప్రొఫెసరు వచ్చి వెనక వరసలో కూర్చుని మార్కులు వేస్తాడు. మా ఆయనకు ఇచ్చిన అంశం క్షమాపణ. వారం రోజులుగా వంటింట్లో బల్ల ముందు పెన్ను పట్టుకుని కూర్చుంటున్నాడు, ఏమీ తోచడం లేదు. నేను బెండకాయలు తరుగుతూ, ఆయన బాధ చూడలేక చెప్పాను.

"క్షమించేశామని నోటితో అందరం అంటామండీ. నిజమో కాదో ఆ మనిషికి అన్నం పెట్టేటప్పుడు తెలుస్తుంది. గరిటె నిండుతుందా, సగంలోనే లేచి వచ్చేస్తుందా అని."

మా అమ్మ మా మేనత్తకు వడ్డించడం చూసి చిన్నప్పుడు నేను కనిపెట్టిన సంగతి అది. అంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా నాన్నకు కూడా. ఆయన తలెత్తి, "జర ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఈసారి మేనత్త సంగతితో సహా చెప్పాను.

మా చర్చి నార్సింగిలో టైల్స్ షాపు పైన కిరాయికి తీసుకున్న హాలు. ఆ ఆదివారం నిండిపోయింది. మా ఆయన ఇస్త్రీ చొక్కాలో నిలబడి, ప్రసంగాల్లో వాడే పుస్తకాల తెలుగులో మొదలుపెట్టాడు.

"ప్రియులారా, ఈ వారమంతా మోకాళ్ళ మీద ఉన్నప్పుడు ప్రభువు నాకొక సంగతి చూపించాడు."

ఆ తర్వాత గరిటె గురించి చెప్పాడు. బాగానే చెప్పాడు, ఆ మాట ఒప్పుకోవాలి. మేనత్తను పక్కింటివాళ్ళను చేశాడు, మిగతాదంతా నాదే. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. మూడో వరసలో నాకు ఒళ్ళు మండిపోతోంది, ఆమేన్ అని మాత్రం అందరితో పాటు అన్నాను. కూడిక అయ్యాక సంఘపెద్ద ఒకాయన చేతులు జోడించి, "అమ్మగారూ, ఇలాంటి భర్త దొరకడం మీ అదృష్టమండి" అన్నాడు. ప్రొఫెసరు మార్కుల కాగితం మీద ఉదాహరణ చాలా కొత్తగా ఉందని రాశాడు.

మధ్యాహ్నం ఆయనకు అన్నం వడ్డిస్తుంటే నా చేతిలో గరిటె సగంలోనే లేచింది. కావాలని చేసింది కాదు. ఆయన పళ్ళెం చూసుకుని నా మొహం చూశాడు.

"ఏందే, ఏమైంది?"

"ప్రభువు మీకెప్పుడు చూపించాడండీ? నేను బెండకాయలు తరిగేటప్పుడా, పోపు పెట్టేటప్పుడా?"

"అరె, ప్రసంగంల అట్లనే అంటరు గద. అందరు అంటరు."

నిజమే, అందరూ అంటారు. మా నాన్న కూడా అనేవాడు, నేనిచ్చిన ఉదాహరణలకు కూడా. వేదిక ఎక్కిన మనిషి నోటికి ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది, అది అబద్ధమని ఎవరికీ తోచదు. ఈయనకూ తోచలేదు. నాకు ఎక్కువ కోపం తెప్పించింది అదే. తెలిసి చేసుంటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని.

"నీ ద్వారనే చూపించిండనుకో."

"ఆ ముక్కే అక్కడ అనొచ్చుగా. మా ఆవిడ చెప్పింది అంటే ప్రభువు కోప్పడతాడా?"

ఆయన పళ్ళెంలో ఉన్నంతే తిని లేచాడు. రెండు రోజులు ఇంట్లో మాటల్లేవు.

ఆయన చదువు ముగిసి మా చర్చిలోనే అసిస్టెంటు పాస్టరయ్యాడు. ఆ మరుసటి ఏడు ఆ కాలేజీవాళ్ళే కొండాపూర్లో ఉద్యోగస్తుల కోసం ఎం.డివ్. క్లాసులు పెట్టారు. శనివారం పొద్దున, వారంలో రెండు సాయంత్రాలు. ఆ కాగితం చూసిన రోజే ఫారం నింపాను. దానికి మా పెద్ద పాస్టరుగారి ఉత్తరం కావాలి. ఆయన "ఇంట్లో ఒకరు చాలు కదమ్మా" అని నన్ను పంపేశాడు. మా ఆయన వెళ్ళి ఆయన దగ్గర రెండు పూటలు కూర్చుని ఉత్తరం రాయించుకొచ్చాడు. నేనడిగితే రానిది ఆయనడిగితే వచ్చిందని ఆ ఉత్తరం మీద కూడా నాకు కోపమే.

మళ్ళీ అదే గది, అదే ముగ్గురు పెద్దలు. వాళ్ళలో ఒకాయన ఆ రోజు మార్కులు వేసిన ప్రొఫెసరు. అప్పుడు నేను కూర్చున్న చోట ఈసారి మా ఆయన.

"మీకు పిలుపు ఎప్పుడు కలిగిందమ్మా?"

ఇలాంటి చోట ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చు. ఫలానా కూడికలో, ఫలానా పాట వస్తుండగా, కన్నీళ్ళతో. ఇంటి దగ్గర అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుని కూడా వచ్చాను. తీరా నోరు తెరిచేసరికి గరిటె గుర్తొచ్చింది.

"పిలుపో కాదో నాకు తెలియదండి. మా ఆయన చదువుతుంటే చూడలేక, అసూయతో వచ్చాను."

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. నా సీటు అక్కడితో పోయిందనుకున్నాను. ప్రొఫెసరు మా ఆయన వైపు తిరిగి, "మీరేమంటారు బ్రదర్?" అన్నాడు. మా ఆయన లేచి నిలబడ్డాడు.

"సార్, ఆ దినం గరిటె మాట చెప్పిన గద. అది నాది కాదు, ఈమెది. ప్రభువు నాకు చూపించిండని అందరి ముంగట చెప్పిన. మీరు మార్కులు గూడ ఏసిన్రు. ఈమెకు సీటియ్యకపోతే, నాకిచ్చిన డిగ్రీ ఎట్లిచ్చిన్రో నాకు సమజైతలేదు సార్."

ప్రొఫెసరు కళ్ళజోడు తీసి, "ఎంత దీనత్వం బ్రదర్, ఎంత వినయం!" అన్నాడు. మిగతా ఇద్దరూ తలూపారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, ఇలాంటి భర్త దొరకడం మీ అదృష్టం" అన్నాడు. నా ఇంటర్వ్యూలో కూడా ఆయనే పాసయ్యాడు. కీబోర్డు వచ్చా అని ఆయన్ని ఎవరూ అడగలేదు. పది రోజులకు నాకు సీటిచ్చినట్టు కబురు వచ్చింది.

మొదటి శనివారం క్లాసులో ఇరవై మందిమి ఉన్నాం. సగం మంది మెడల్లో ఆఫీసు ఐడీ కార్డులు. గ్రీకు చెప్పే మాస్టారు వయసు మళ్ళినాయన. ఊరికే చూపించడానికి బోర్డు మీద ఒక వాక్యం రాసి, "భయపడకండి, ఆరు నెలల్లో ఇది చదివేస్తారు" అన్నాడు. నేను చెయ్యెత్తి చదివేశాను. ఆయన ఇంకోటి రాశాడు. అదీ చదివి, అర్థం కూడా చెప్పాను.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?"

మా ఆయన దగ్గర. చెప్పాల్సింది మూడే మాటలు. ఫ్రిజ్ తలుపూ, టీ గ్లాసూ, నోరు తెరిచి అక్షరం చూపించే ఆ మొహమూ అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి.

"సొంతంగానండి. ఇంట్లోనే" అన్నాను.

ముందు వరసల వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. "సొంతంగానా! దేవుడిచ్చిన వరమమ్మా ఇది" అన్నాడు మాస్టారు. నేను వినయంగా తల దించుకున్నాను. క్లాసు ఇంకా రెండు గంటలుంది. ఒక్క మాట సార్, అని లేచి నిలబడడానికి ఏ అడ్డూ లేదు. లేవలేదు. ఆ చూపుల కోసం నేను చాలా ఏళ్ళు ఎదురుచూశాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వంట చేసి ఉంచాడు. అన్నం, పప్పు, బెండకాయ వేపుడు. అట్టముక్కలు అంచులు వంకర తిరిగి ఇంకా ఫ్రిజ్ మీదే ఉన్నాయి. నేను వాటికి వీపు పెట్టి కూర్చున్నాను.

"ఎట్లయింది ఫస్ట్ క్లాసు? సారేమన్నడు?"

"ఏముంటుందండీ. అక్షరాలే."

ఆయన గరిటె నిండా అన్నం తీసి నా పళ్ళెంలో పెట్టాడు. చాలండీ అన్నాను.

"ఏం చాలు, పొద్దుగాల్నుంచి ఏం తినలే" అని గరిటె మళ్ళీ నిండా ముంచాడు.