గంధం రంగా, ఎండుగడ్డి రంగా

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, గదికి రంగు వేసి చూడు అనడం మరిచిపోయారు. గిద్దలూరులో నా పరువు పోయింది అందువల్లే. ఎలా పోయిందో చెబుతాను, వినండి.

కర్నూలు మనకు రాజధానిగా ఉన్న రోజులు. పొదిలి నుంచి గిద్దలూరు బడికి కొత్తగా వచ్చిన పంతుల్ని. చెన్నమ్మవ్వ ఇంట్లో ఒక గది అద్దెకు తీసుకున్నాను. బడి వదిలాక మళ్లీ బడి పెట్టేదాకా నాతో మాట్లాడే మనిషి లేడు. తెల్లగోడలు నన్నే చూస్తుండేవి. వాటి చూపు తప్పించుకోవడానికి, సున్నాలు కొట్టే ఓబులేసును పిలిచి ఏదైనా లేతరంగు వేయమన్నాను.

సాయంత్రం వచ్చేసరికి కిటికీ పక్కన ఒక పట్టె, లోపలి మూలన ఒక పట్టె పూసి ఉన్నాయి. ఒకటి గంధం, ఒకటి ఎండుగడ్డి. ఓబులేసు వేరే పని మీద కొమరోలు వెళ్లాడట. నన్ను ఎంచుకోమన్నాడు కాబోలనుకున్నాను. అరగంట చూసినా తేలక, అవ్వను పిలిచాను.

"గంధమే బాగుండాది నాయనా."

ఎదురింటి గొర్రెల సుబ్బయ్య తల దూర్చాడు. "ఎండుగడ్డే మేలు సారూ. మాసినా కనపడదు."

"గొర్రెల కొట్టానికైతే మేలే," అంది అవ్వ.

మర్నాడు ఇద్దరూ తలా నలుగురిని వెంటేసుకొచ్చారు. నా చాప మీద ఇంకో మనిషి కూర్చోవడం అదే మొదలు. అవ్వ దగ్గర గ్లాసులు అడిగి తెచ్చి టీ ఇచ్చాను. మీతో అబద్ధమెందుకు, గంధమే వేయించాలని ఆ రోజే అనుకున్నాను. అయినా రోజూ "ఇంకా తేలలేదు" అంటూ వచ్చాను. రోజూ వాళ్లూ వచ్చారు.

ఆరో రోజు అందరూ ఉండగానే ఓబులేసు దిగాడు.

"గంధమే వెయ్యి మామా," అన్నాను, తీర్పు చెప్పే జడ్జిలా.

"గంధమేంది సారూ? రెండూ ఒక్క కుండలోవే. రంగు ఎట్ల పడతాదో చూద్దామని ఆడింత, ఈడింత పూసినా. కిటికీ కాడ వెలుతురు, మూలన చీకటి. అంతే."

అందరి తలలూ ఒకసారి కిటికీ వైపు, ఒకసారి మూల వైపు తిరిగాయి.

"అట్లయితే ఆరు దినాలు మేం దేనికి కొట్లాడినాం సారూ?" అన్నాడు సుబ్బయ్య.

ఆ నవ్వు రైలుస్టేషను దాకా వినబడి ఉంటుంది. నేనూ నవ్వాను.

మర్నాడు ఒక్క పూటలో రంగు వేయడం అయిపోయింది. సాయంత్రం గది ఊడ్చి, చాప పరిచి, టీ కాచాను. ఎవరూ రాలేదు. తేల్చడానికి ఇంకేముంది? గోడలు మాత్రం చాలా బాగున్నాయి. ఆ మాట చెప్పడానికే మనిషి లేడు.

చల్లారిన టీ గ్లాసు మీద చెయ్యేసి రెండు ఒట్లు పెట్టుకున్నాను. గోడ రంగు గురించి జన్మలో ఎవరినీ అడగను. మనుషులు కావాలనిపిస్తే, నేరుగా "రండి" అని పిలుస్తాను.

మొదటి ఒట్టు ఇప్పటికీ తప్పలేదు.