తెల్ల నంబరు, పసుపు నంబరు

యూనివర్సిటీలో ఏం చేస్తావని ఎవరైనా అడిగితే పెంకులు కడుగుతానని చెబుతాను. గిన్నెలా అని మళ్లీ అడుగుతారు. కాదు, కుండపెంకులే, పగిలినవే, వేల ఏళ్ల కిందటివి అంటాను. అప్పుడు నా వైపు జాలిగా చూస్తారు, ఈ వయసులో ముసలిదాన్ని ఇంట్లోవాళ్లు ఎలాంటి పనికి తోలారో అన్నట్టు. నన్నెవరూ తోలలేదు. చిక్కపేటలో మా ఆయన ఇత్తడి సామాన్ల అంగడి మూసేశాక, టీవీ ముందు కాళ్లు చాపుకుని కూర్చోవడం నాకు చేతకాలేదు. పనివాళ్లను పంపే ఒక ఏజెన్సీ తరఫున యూనివర్సిటీలో ఊడ్చే పనికి చేరాను. పెంకులు తర్వాత వచ్చాయి.

అవి వచ్చిన కథ ఇదీ. తవ్వకాలు చేయించే ప్రభుత్వ శాఖ దగ్గర పెట్టెలకు పెట్టెలు పెంకులు ఉన్నాయి, పెట్టుకోవడానికి చోటు లేదు. వరండాల్లో, మెట్ల కింద, చివరికి మరుగుదొడ్డి పక్కన కూడా పేర్చారట. యూనివర్సిటీ దగ్గర చోటుంది, చదివే పిల్లలున్నారు, చదవడానికి వస్తువులు తక్కువ. అందుకని ఇద్దరూ ఒక ఒప్పందం రాసుకున్నారు. వస్తువు శాఖది, గది యూనివర్సిటీది, చదువు పిల్లలది. వినడానికి ఎంత బాగుందో. మా ఇళ్లలో పెళ్లి సంబంధాలు కూడా ఇంత చక్కగా కుదరవు.

సంతకాల రోజున హాల్లో అందరి తలలకూ మైసూరు పేటాలు చుట్టి శాలువాలు కప్పారు. బల్ల మీద పళ్లెంలో పెట్టిన పెంకు ఒక్కదానికే పేటా లేదు. మన పూర్వీకుల సంపద అన్నారు, చేయీ చేయీ కలిపి నడుద్దామన్నారు. తలుపు బార్లా తెరిచి ఏసీ నడుపుతున్నారు, ఒక్కరైనా లేచి తలుపు వేస్తారేమోనని చూశాను. ఎవరూ లేవలేదు, నేనే వేశాను. అందరూ వెళ్లిపోయాక వెనక కట్టిన, పెద్దవాళ్ల ఫోటోలున్న పొడుగాటి ఫ్లెక్సీని మడిచి దాచిపెట్టాను. కడిగిన పెంకులు ఆరబెట్టడానికి ఇప్పటికీ అదే పరుస్తున్నాను. పెద్దవాళ్ల మొహాల మీద అవి చక్కగా ఆరతాయి.

గదికి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి శాఖ సారు దగ్గర, ఇంకొకటి ప్రొఫెసరమ్మ దగ్గర. ఇద్దరూ వస్తేగాని తలుపు తెరుచుకోదు. ఆమె వచ్చిన రోజు ఆయన ట్రాఫిక్కులో ఉంటాడు, ఆయన వచ్చిన రోజు ఆమె మీటింగులో ఉంటుంది. పరిశోధన చేసే పాప, నేను మెట్ల మీద కూర్చుని ఎదురుచూసేవాళ్లం. పాపది హిందూపురం వైపు. తన ఈడు పిల్లలంతా కంప్యూటర్ల ముందు కూర్చుంటే ఈమె మూడేళ్లుగా పెంకుల ముందు కూర్చుంది.

"దొంగలు పడతారనా అమ్మణ్ణీ ఇన్ని తాళాలు?" అని అడిగాను.

"దొంగలు కాదవ్వా. ఈయన తీసుకుంటాడని ఆమె, ఆమె తీసుకుంటాదని ఈయన."

చివరికి ఇద్దరూ విసిగి, తాళంచెవులు బంట్రోతులతో పంపడం మొదలుపెట్టారు. కడగడం నేర్పింది పాపే. నేను కొబ్బరిపీచు, బూడిద పట్టుకుని కూర్చుంటే గుండె మీద చెయ్యేసుకుంది. పళ్లు తోమే బ్రష్షుతో, ఉత్త నీళ్లతో, చంటిబిడ్డ చెవి తుడిచినట్టు తుడవాలట. అలాగే తుడిచాను. కొత్త బ్రష్షులు తెప్పిస్తామంటే వద్దని మా ఇంట్లో వాడి పారేసేవే మరిగించి తెచ్చాను. నా చదువు మూడో తరగతితో ఆగిపోయినా రాత గుండ్రంగా ఉంటుందని, కొన్నాళ్లకు పెంకుల మీద నంబర్లు వేసే పని కూడా పాప నాకే ఇచ్చింది.

ఆ నంబర్ల సంగతి చెప్పాలి. దొడ్డబళ్ళాపురం దారిలో ఒక దిబ్బ ఉంది. దాని తూర్పు పక్కను ఎప్పుడో శాఖ వాళ్లు తవ్వారు, పడమటి పక్కను ఈమధ్య యూనివర్సిటీ వాళ్లు తవ్వారు. రెండు పక్కల పెంకులూ ఈ గదిలోనే ఉన్నాయి, కానీ వేరువేరు బీరువాల్లో, వేరువేరు రిజిస్టర్లలో. కలిసిపోకుండా శాఖ పెంకులకు తెల్ల సిరాతో, యూనివర్సిటీ పెంకులకు పసుపు సిరాతో నంబరు వేయాలి. గోరంత పెంకు మీద కూడా వేయాలి. కుండ చేసిన మనిషి తన పేరు ఎక్కడా రాసుకోలేదు. మేం మాత్రం దాని వీపంతా రాసిపెట్టాం.

దిబ్బ మీద ఎన్నో ఇళ్లు ఉండి ఉంటాయని, ఈ రెండు తవ్వకాలూ తగిలింది మాత్రం ఒకే ఇంటికని పాప నమ్మకం. ఆమె చదువంతా ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంది. నిరూపించడానికి ఏమీ దొరకలేదు.

ఒకరోజు పసుపు నంబరు వేయబోతూ ఒక మూతి ముక్క చేతిలోకి తీసుకున్నాను. కుండ పచ్చిగా ఉన్నప్పుడు చేసినవాళ్ల బొటనవేలు జారినట్టుంది, అంచు మీద నొక్కు పడింది. ఆ నొక్కు సగమే ఉంది. మిగతా సగం నేను అంతకుముందే చూశాను. అంగడిలో ఏ గిన్నెకు ఏ మూతో చూడకుండానే తీసిచ్చినదాన్ని, అలాంటివి నాకు గుర్తుంటాయి. తెల్ల బీరువాలో రెండో అరలో వెతికాను, దొరికింది. పక్కన పెడితే రెండూ కలిసిపోయాయి, మధ్యలో దారం పట్టే సందు కూడా లేకుండా.

అప్పుడు పాప ఊళ్లో లేదు, మైసూరులో ఏదో సదస్సుకు వెళ్లింది. వచ్చేదాకా ఆగవలసింది. ఆగలేదు. మూడు రోజులు భోజనం వేళ మానుకుని రెండు బీరువాలూ వెతికి, పదకొండు ముక్కలు పోగుచేశాను. తెల్లవి ఆరు, పసుపువి ఐదు. పాప బల్ల మీద జిగురు సీసా ఉంది, ఎక్కడో విదేశాల నుంచి తెప్పించిందట, నా చిటికెనవేలంత ఉంది. దాన్ని ఖర్చుపెట్టడానికి నాకు మనసొప్పలేదు. తమలపాకుల సున్నం నా దగ్గరుంది, బెల్లం ఇంట్లో ఉంది. రెండూ కలిపి నూరితే ఎలా పట్టుకుంటుందో మా అమ్మ కారే కుండలకు పూస్తుంటే చూసినదాన్నే. అతికించి, గుడ్డతో కట్టి, ఎండలో పెట్టాను.

పాప వచ్చింది. బల్ల మీద కుండ చూసింది. చిన్న కుండ, అడుగున మసి, ఒక పక్క పిడికిలంత కంత. దాని చుట్టూ రెండుసార్లు తిరిగింది. మసి గీత తెల్ల నంబరు ముక్క మీద మొదలై పసుపు నంబరు ముక్క మీద ముగిసింది.

"అవ్వా, ఒకే ఇల్లు! ఒకే పొయ్యి!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. తర్వాత వంగి అతుకు చూసింది. "దేంతో అంటించినావు?"

చెప్పాను. పాప స్టూలు మీద కూలబడింది.

"మా పనిలో ఏది అంటించినా మళ్లీ ఊడదీసేకి రావాలవ్వా."

"ఊడేటట్ల అంటించేదానికి అంటించడం ఎందుకే?"

"అదే రూలు."

ఆ రూలు రాసినవాళ్లు ఇంట్లో ఒక్క కుండైనా అతికించి ఉండరు. అయినా ఒప్పుకుంటాను, అడగకుండా చేయడం నా తప్పే. అతికించడం తప్పని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

మర్నాడు శాఖ సారు వచ్చి కుండ చూశాడు. ఒకే కుండ మీద తెలుపు, పసుపు చూసేసరికి ఆయన మొహం కుంకుమలా అయింది. వారానికల్లా ఉత్తరం వచ్చింది. పదిహేను రోజుల్లో వస్తువులను మునుపటి స్థితికి తేవాలి, లేకపోతే పాపకు ఇచ్చిన అనుమతి రద్దు. నేను చేసినదానికి పాప మీదెందుకు పడ్డారంటే, నా పేరు ఏ పుస్తకంలోనూ లేదు. నేను ఏజెన్సీ మనిషిని. పుస్తకంలో పేరున్నవాళ్లే తప్పు చేయగలరు. అనుమతి పోతే పాప మూడేళ్ల చదువు పోయినట్టే, పెంకులు చూడకుండా పెంకుల మీద రాయడం ఎవరికీ రాదు. ఆ పిల్ల అన్నం తినడం మానేసింది. నేను తిట్టి తినిపించాను.

గడువుకు రెండు రోజుల ముందు గదిలోనే మీటింగు పెట్టారు. సారు, ప్రొఫెసరమ్మ, పాప. నేను టీ ఇవ్వడానికి వెళ్లి అక్కడే నిలబడ్డాను. సారు కన్నడవాడే గాని మా చిక్కపేట పక్కనే పెరిగాడు, తెలుగు బాగా మాట్లాడతాడు.

"ఎవురు చెప్పిరి అజ్జీ నీకు అంటించమని?"

"ఎవురూ చెప్పలేదప్పా. పగిలిన కుండ ఎదురుగా ఉంటే ఒకరు చెప్పాల్నా?"

"ఇది ప్రభుత్వం సొత్తు. తెలుసునా?"

"అంతా కాదు గదప్పా. మూతిలో సగం నీది. సగం ఈ మేడమ్మది. నడుమ సున్నం నాది."

ప్రొఫెసరమ్మ దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమె హైదరాబాదు నుంచి వచ్చి స్థిరపడినావిడ, మాట మెత్తన. "మా వైపు నుంచి ఏ గొడవా లేదండీ. కానీ మా ముక్కలు మా బీరువాలో ఉండాలి" అంది.

"మాదీ అంతే మేడమ్. మా ముక్కలు మా బీరువాలో ఉండాల."

ఒప్పందం కుదిరినప్పటి నుంచి ఆ ఇద్దరూ ఒకే మాట మీద నిలబడటం నేను చూసింది అదే మొదటిసారి. అదీ కుండ పగలగొట్టడం మీద.

"అట్లయితే కొట్టండప్పా" అన్నాను. "సుత్తి తెచ్చేదా?"

వస్తువు మీ గదిలో ఉంది కాబట్టి మీరే విడదీయాలని సారు అన్నాడు. వస్తువు మీది కాబట్టి మీరే విడదీయాలని ప్రొఫెసరమ్మ అంది. టీలు చల్లారిపోయాయి, వాటిలో వేసిన చక్కెర దండగ.

పాప నోరు తెరిచింది. "సార్, సున్నం ఇప్పుడు కుండకన్నా గట్టిగా ఉండాది. లాగితే అతుకు ఊడదు, పక్కన కొత్తగా పగుల్తాది. అప్పుడు డ్యామేజీ రిపోర్టు రాయాల."

రిపోర్టు అన్న మాట వినగానే సారు కుర్చీ వెనక్కి జరిపాడు. రిపోర్టంటే విచారణ, విచారణంటే ఎవరు లాగారన్న ప్రశ్న.

"వస్తువు దెబ్బతింటే మీ పుస్తకంలో ఏం రాస్తారప్పా?" అని అడిగాను.

"దెబ్బతిన్నదని రాస్తాం అజ్జీ. నిపుణుల కమిటీ వచ్చి చూసేదాకా దాన్ని తాకకూడదు, కదిలించకూడదు. ఉన్నది ఉన్నట్టే ఉండాల."

"కమిటీ ఎప్పుడొస్తాది?"

"ముందు కమిటీని వెయ్యాల గదా."

"ఎప్పుడేస్తారు?"

సారు ప్రొఫెసరమ్మ వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూసింది. నాకు జవాబు దొరికింది.

"అట్లయితే ఇప్పుడే రాసేయి, దెబ్బతిన్నదని."

"ఏమజ్జీ నీ మాట! పగిలింది ఒకటైతే దెబ్బతిన్నదని ఎట్ల రాసేది?"

ప్రొఫెసరమ్మ ఫైలు తెరిచి ఏదో కాగితం వెతికింది. కళ్లద్దాలు సర్దుకుని చదివింది. "రాయొచ్చండీ. అనుమతి లేకుండా చేసిన మరమ్మతు కూడా దెబ్బ కిందికే వస్తుంది. మన ఒప్పందంలోనే ఉంది, పదో పేజీలో." ఆ కాగితం అప్పటిదాకా ఎవరూ చదివినట్టు లేదు. సారు తీసుకుని తనే ఒకసారి చదివాడు. ఆయన భుజాలు కిందికి దిగాయి.

"అంటే మునుపటి స్థితికి తెచ్చే మాట...?" అని పాప అడిగింది.

"కమిటీ వచ్చేదాకా లేదు" అన్నాడు సారు.

"నా అనుమతి?"

"ఉన్నది ఉన్నట్టే గదమ్మా. నువ్వు కూడా అంతే."

రెండు రిజిస్టర్లూ తెచ్చారు. ఒకదాంట్లో ఆరు తెల్ల నంబర్ల ఎదురుగా, ఇంకోదాంట్లో ఐదు పసుపు నంబర్ల ఎదురుగా "దెబ్బతిన్నది" అని రాశారు. కారణం అన్న గడిలో "అతుక్కుపోవడం" అని రాశారు. పగిలి ముక్కలుగా ఉన్నన్నాళ్లూ అవి పుస్తకంలో "బాగున్నది" గానే ఉన్నాయి, నేను చూశాను. ఒకటైన రోజున చెడిపోయాయి.

బాధ్యులెవరన్న గడి ఖాళీగా మిగిలింది. నా పేరు రాయమన్నాను. ఏజెన్సీ మనిషి పేరు రాయడానికి వీల్లేదట. ఇంత చేసి నాకు ఒక తప్పు కూడా దక్కలేదు.

ఇప్పుడు ఆ కుండ కిటికీ పక్క బల్ల మీద ఉంది. ఏ బీరువాలోనూ పెట్టడానికి లేదు, కదిలించకూడదు గదా. నెలకోసారి సారు, ప్రొఫెసరమ్మ కలిసి వచ్చి, దెబ్బ అలాగే ఉందా లేదా అని చూసి, మార్పు లేదని సంతకాలు పెడతారు. పోయిన నెల సంతకం అయ్యాక సారు వెళ్లలేదు, వంగి లోపలికి చూశాడు.

"దీంట్లో ఎంతమందికి అన్నమవుతాది అజ్జీ?"

"నలుగురికప్పా. ఐదో మనిషొస్తే గంజి ఎక్కువ పొయ్యాల."

పాప ఆ మసి గీతను దారంతో కొలుస్తోంది, కాగితం మీద గీస్తోంది, మళ్లీ కొలుస్తోంది. రాయడానికి ఇంకా ఒక అధ్యాయం ఉందట. కమిటీ వేయడానికి మనుషులను వెతుకుతున్నారని విన్నాను. మెల్లగా వెతకమనండి.