ఖాట్మండూ గదిలో మూడు దెబ్బలు

దెయ్యం కనిపించిందని ఎవరైనా చెబితే, తాగి ఉన్నావా అని ముందు అడిగే మనిషిని నేను. పాతికేళ్లు విశాఖపట్నం పోర్టులో పనిచేశాను. సెకండ్ షిఫ్టు దిగి అర్ధరాత్రి మల్కాపురం దాకా ఒక్కణ్నే సైకిలు తొక్కుకుంటూ వచ్చేవాణ్ని. ఏ రోజూ వెనక్కి తిరిగి చూడలేదు. ఇది మాత్రం నాకే జరిగింది. నేను తాగి లేను. పట్టపగలు.

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. నా పని ఓడ డెక్కు మీద నిలబడి క్రేను నడిపేవాళ్లకీ, కింద హోల్డులో, అంటే ఓడ అడుగున సరుకు నింపే గదిలో, సరుకు ఎత్తేవాళ్లకీ సైగ చెయ్యడం. ఎన్ని దేశాల ఓడల్ని సాగనంపానో! ఒక్కసారైనా నేనూ పై దేశం వెళ్లాలని పట్టుబట్టాను. నాకు అందేది నేపాలే. మా గ్యాంగులో అందరికీ డప్పు కొట్టి చెప్పాను.

"ఫారినంటే సింగపూరనుకున్నాం బావా. పాస్‌పోర్టు అక్కర్లేని ఫారినేటి?" అని నవ్వారు.

ఆ నవ్వుకే నాకు మొండితనం పెరిగింది. మా అమ్మాయి లక్ష్మికి ఆరేళ్లు, చలికాలం వస్తే ఆయాసం. ఎండలు ముదిరాక వెళ్దామని నా భార్య సత్యవతి అంది. వినలేదు. సంక్రాంతి కాగానే వాల్తేరులో రైలెక్కించాను. ఆమె బొంతలు మూట కడతానంటే, ఫారిన్‌కి బొంతలేటని కసిరాను.

హౌరా, అక్కణ్నుంచి సరిహద్దు ఊరు రక్సౌల్, ఆపైన కొండదారిలో రాత్రంతా బస్సు. నాలుగు రోజులు పిల్ల సరిగా పడుకోలేదు. కూర్చునే కునుకు తీసింది. ఖాట్మండూలో దిగేసరికి దాని ఛాతీలోంచి పిల్లికూత వినిపిస్తోంది.

గది కోసం పొద్దుటి నుంచి తిరిగాం. మంచి హోటళ్ల మెట్లెక్కే తాహతు లేదు. సత్రాలు నిండిపోయాయి. ఒకచోట గడ్డి పరుపు తడిసి ఉంది, ఇంకోచోట పదిమంది మధ్య పడుకోమన్నారు. పిల్లని భుజాన వేసుకుని ఇరవై గుమ్మాలైనా ఎక్కి ఉంటాను. సత్యవతి సంచులు మోస్తూ నా వెనకే ఎక్కి దిగింది. నన్ను నాలుగు తిట్టినా బాగుండుననిపించింది.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ తన ఇంటి మేడ మీద గది ఇచ్చింది. మట్టి అలికిన నేల, ఇటుక గోడలు, చెక్క మెట్లు, తలుపుకి చెక్క గడియ. రెండు ఇరుకు మంచాలు. వణుకుతున్న పిల్లని చూసి మట్టి కుంపటిలో బొగ్గులు రాజేసి తెచ్చింది. పెట్టి, కిటికీ బార్లా తెరిచి, వేలు చూపించి ఏదో గట్టిగా చెప్పి వెళ్లింది. ఆ భాష నాకు రాదు.

ఆవిడ మెట్లు దిగగానే కిటికీ మూసేశాను.

"కాస్త తీసుంచు మావా, ఊపిరాడదు," అంది సత్యవతి.

"సలిగాలి కొడతాది పిల్లకి. నీ పురుటికి మా యమ్మ తలుపులేసి కుంపటెట్టలేదేటే?"

బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపు వెయ్యడం మా ఇళ్లలో అలవాటే. కానీ మాది తాటాకు కప్పు. ఎక్కడెక్కడి సందుల్లోంచో గాలి వచ్చేది. ఆ తేడా నాకు తట్టలేదు.

ఓడలో సరుకు కదలకుండా సందులు బిగించినట్టే ఆ గదిని బిగించాను. రెండు మంచాలూ కలిపి, మధ్య సందులో సంచులు కుక్కాను. కిటికీ చెక్కల మధ్య కాగితాలు, తలుపు కింద తువ్వాలు. పిల్లని మధ్యలో తలెత్తుగా పడుకోబెట్టాం.

"నాన్నా, ఓడలాగుంది," అని నవ్వింది. ఆ ప్రయాణంలో మాకు దొరికిన మొదటి సుఖమైన పక్క అదే. కిటికీ సందులో ఇంకా ఎండ ఉండగానే ముగ్గురం నిద్రపోయాం.

ఇనుము మీద ఇనుము కొట్టిన చప్పుడుకి మెలకువ వచ్చింది. రెండు దెబ్బలు వెంటవెంటనే, కాస్త ఆగి ఒకటి.

ఆ చప్పుడు నాకు తెలుసు. హోల్డులో గాలి బాగాలేకపోతే నిచ్చెన మీద కడ్డీతో కొట్టాల్సిన సైగ. పైకి వచ్చెయ్యండని అర్థం. ఎవరైనా మూడే కొడతారు, కొట్టే వరస మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. అది నా వరస.

లేవబోతే కాళ్లు ఆడలేదు. తల బద్దలవుతోంది. పాక్కుంటూ వెళ్లి గడియ తీశాను. సత్యవతిని రెక్క పట్టి ఈడ్చాను, పిల్లని వసారాలోకి మోశాను. తడిగుడ్డలా వేలాడింది. ఆ ఇంటావిడ పరుగున వచ్చి దాని పాదాలు రుద్దుతూ, కిటికీ వైపు చూపిస్తూ నన్ను తిట్టింది. ఈసారి భాష రాకపోయినా అంతా అర్థమైంది. ఎంతసేపో తెలీదు. చివరికి పిల్ల కక్కి, ఏడ్చింది. ఆ ఏడుపు విని గోడకి చేరబడిపోయాను.

నేను నోరు తెరవకముందే సత్యవతి అడిగింది, "ఆ ఇనుమెవులు కొట్టారు మావా? రెండు కొట్టి, ఆగి ఒకటి?"

గదిలో ఇనుప ముక్క లేదు. వీధిలో కమ్మరి కొలిమి లేదు. ఇంటావిడని సైగలతో అడిగితే, ఏ చప్పుడూ వినలేదని చెయ్యి తిప్పింది. పొగ తలకెక్కితే చెవులు మోగుతాయని తర్వాత ఒక డాక్టరు చెప్పారు. ఇద్దరికీ ఒకే వరసలో మోగుతాయా అంటే మందుల చీటీ రాసి చేతిలో పెట్టారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. అంతకు రెండేళ్ల ముందు, పురుగుమందు వేసి మూసిన గోధుమ ఓడలో, హోల్డు తెరిచాక ఆ విషగాలి పోయేదాకా ఆగకుండా నేను దిగమని సైగ చేశాను. మా గ్యాంగులో అప్పన్న దిగాడు. నిచ్చెన కింద తూలాడు. అప్పుడు నేను మూడు దెబ్బలు కొట్టాలి. చేతిలో కడ్డీ ఉండి కూడా బిగుసుకుపోయాను. అప్పన్న ప్రాణం అక్కడే పోయింది. విచారణలో అతనే తాగి, సైగ చెయ్యకముందే దిగాడని చెప్పాను. అందరూ నమ్మారు.

నన్ను లేపాల్సిన అవసరం అప్పన్నకి ఏముంది? లేపింది అతనేనా? నాకు తెలీదు.

తిరిగొచ్చిన మర్నాడు అతని భార్య పైడమ్మ ఇంటికి వెళ్లాను. చేపలు ఎండబెడుతోంది. నేను చేసిందీ, విచారణలో చెప్పిన అబద్ధమూ, ఖాట్మండూ గదీ అన్నీ చెప్పాను. పై అధికారుల దగ్గరా చెబుతానన్నాను. చెప్పాను కూడా.

ఆమె చేపలు తిరగేస్తూనే వింది. తిడుతుందని చూశాను, ఏడుస్తుందని చూశాను.

తలెత్తకుండా అడిగింది, "పిల్ల బాగుందేటన్నా?"

మా లక్ష్మి బాగానే ఉంది. ఆ మాట ఆమె ముందు అనలేక, పక్కన కూర్చుని నేనూ చేపలు తిరగెయ్యడం మొదలుపెట్టాను.