పటమట వీధుల్లో నా మైకు ఉద్యోగం

ఆ రోజుల్లో ఉద్యోగమంటే మనం వెతుక్కునేది, దొరికితే గట్టిగా పట్టుకునేది. ఒకరికి ఉద్యోగం వెతికిపెట్టడం కూడా ఒక ఉద్యోగమేనని, దానికి మళ్ళీ ట్రైనింగ్ ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వేవాణ్ణి. డెబ్బైల్లో డిగ్రీ పూర్తిచేసి గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్న నన్ను మా బాబాయి తీసుకెళ్ళి పటమటలో సరిగ్గా అలాంటి ట్రైనింగులోనే పడేశాడు. వికలాంగులకు ఎవరికి తగిన పని వాళ్ళకు చూసిపెట్టే మనుషులను అక్కడ తయారుచేసేవారు. ("వీడికే పని దొరకలా, వీడు ఇంకోళ్ళకి చూస్తాడా?" అని మా అమ్మ అడిగింది.)

మాకు పాఠం చెప్పే ఆవిడను అందరం టీచరమ్మ అనేవాళ్ళం. తెల్లచీర, చంకలో గొడుగు, క్లాసుకు ముందు చిన్న ప్రార్థన, ప్రార్థన అయ్యాక పెద్ద చీవాట్లు. కాళ్ళు సరిగా లేనివాళ్ళందరినీ కొవ్వొత్తుల తయారీలో, చూపు లేనివాళ్ళందరినీ కుర్చీల అల్లికలో కూర్చోబెట్టడం ఆవిడకు ఒళ్ళుమంట. "మనిషిలో ఏం లేదో నాకు చెప్పొద్దు బాబూ, ఏమంటే ఇష్టమో కనుక్కుని రా" అనేవారు. ఇంకో నియమం కూడా ఉండేది. ఎవరినైనా ఒక పనిలో పెట్టాలంటే ముందు ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ పని మేమే చేసి చూపించాలి. ఈ నియమం పుణ్యమా అని మా బ్యాచిలో ఒకడు బస్టాండు దగ్గర బజ్జీలు వేసి చెయ్యి కాల్చుకున్నాడు, ఇంకొకడు పూలదండ కట్టబోయి తన వేళ్ళు కట్టేసుకున్నాడు. నేను మాత్రం నవ్వుతూ తిరిగాను, నా వంతు వచ్చేదాకా.

నా వంతుకు వచ్చినవాడు కంచు. కంచులాంటి గొంతు కాబట్టి మేం పెట్టుకున్న పేరది. కొల్లేరు పక్క ఊరు, చేపలవాళ్ళ కుటుంబం. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్ళూ సన్నబడ్డాయి, చంకకర్రల మీద నడుస్తాడు. అంతకుముందు ఎవరో అతన్ని కొవ్వొత్తుల పనిలో పెట్టారట. అతను పోసిన కొవ్వొత్తులన్నీ ఒక పక్కకు ఒరిగేవట. "కొవ్వొత్తి మాట్లాడదు కద సారూ. నాకేమో మాట్లాడకపోతే పొద్దుపోదు" అన్నాడు. అంతలోనే గొంతు తగ్గించాడు. "శనారం మా నాన్నొస్తన్నాడు సారూ, ఇంటికి తీసుకుపోతానికి. ఇంటికెళ్తే అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెడతారు. ఇంక దిగనివ్వరు." అన్నం పెడతారన్న మాట అంత భయంగా చెప్పగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు.

గొంతు ఉంది, మాట ఉంది, కూర్చుని చేసే పని కావాలి. రిక్షాకు లౌడ్‌స్పీకర్ కట్టి వీధివీధికీ తిరుగుతూ కొత్త సినిమా గురించి చెప్పే పని నాకు తట్టింది. టీచరమ్మ ఎంతో సంతోషించి, ఒక మైకుషాపు ఆయనకు "మా ఇన్‌స్ట్రక్టరూ, పని కావలసిన అబ్బాయీ వస్తారు" అని కబురు పెట్టారు. ఆ తర్వాతే నాకు నియమం గుర్తొచ్చింది. ముందు మైకులో మాట్లాడాల్సింది నేను! మా బ్యాచివాళ్ళు నాకు పెట్టిన పేరు మౌనస్వామి. హోటల్లో రెండో ఇడ్లీ అడగడానికి మొహమాటపడే మనిషిని.

శుక్రవారం పొద్దున్నే ఇద్దరం రిక్షాలో షాపు ముందు ఆగాం. కంచు చంకకర్రలు కాళ్ళ కింద పెట్టుకున్నాడు. షాపాయన బయటికి రాగానే నేను చొక్కా గుండీలు సర్దుకోవడం మొదలుపెట్టాను. "నమస్కారమండీ, ట్రైనింగు నుంచి వచ్చామండీ, టీచరమ్మగారు చెప్పారు కదండీ" అని కంచే అన్నాడు. నేను తలూపాను. ఆయన రిక్షాకు లౌడ్‌స్పీకర్ కట్టి మైకు పైకి అందిస్తే నేను చెయ్యి చాపాను. షాపాయన నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, వెనకాల సైకిలెక్కాడు.

మొదటి వీధిలోకి తిరిగాం. "ప్రజలకు... మనవి... ఈ రోజు... మన థియేటర్లో..." అన్నాను. నా గొంతు ఎలా పలికిందంటే, ఒక మామ్మగారు గుమ్మంలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఎవరు పోయారు నాయనా?" అని అడిగింది. పక్కింటివాళ్ళు కూడా దిగాలుగా బయటికొచ్చారు. రిక్షా అతను పగలబడి నవ్వాడు. ఇదిలాగే సాగితే కంచుకు అరుగే గతి అని నాకు తెలుస్తూనే ఉంది, నోరు మాత్రం పెగలదే!

కంచు ఇక ఆగలేక మైకు లాక్కున్నాడు. "ఎవరూ పోలేదు మామ్మా, వచ్చింది! కొత్త సినిమా వచ్చింది! ఏడిపిస్తది, నవ్విస్తది, రెండో ఆటకి తాతనీ తీసుకురా!" వీధి వీధంతా ఘొల్లుమంది. మామ్మగారు కొంగు తీసి, తాత అసలు ఇంట్లోంచి కదలడని ఫిర్యాదు కూడా చేసింది. ఆ పూట పటమటలో కంచు పలకరించని గుమ్మం లేదు. పిల్లలు రిక్షా వెంట పరిగెత్తారు. వాళ్ళ వెనకాల షాపాయన సైకిలు, ఆయన మొహం వెలిగిపోతోంది.

తిరిగి షాపుకు వచ్చాక ఆయన కంచుకు రెండు చేతులా దండం పెట్టాడు. "ఏం గొంతండీ సారు! మీలాంటోళ్ళు మా పనికొస్తే ఇంకేం కావాలండీ? కానీ ఏమీ అనుకోమాకండి, ఈ అబ్బాయిని మాత్రం నేను పెట్టుకోలేనండీ. పాపం, మాటే సరిగ్గా రాదు కదా! ఎక్కడన్నా కూర్చుని, మాట్లాడకుండా చేసుకునే పని చూసిపెట్టండి." అంటూ నా భుజం మీద ఎంతో జాలిగా చెయ్యేశాడు.

కంచు నవ్వలేదు. కాళ్ళ కింద చంకకర్రలు తీసి, మెల్లగా దిగి నిలబడ్డాడు. "పని కావల్సింది నాకండీ. సారు ఈయన." షాపాయన చంకకర్రల వంక చూశాడు, నా వంక చూశాడు, చాలాసేపు తల గోక్కున్నాడు. "కాళ్ళతో నాకేం పనయ్యా? రిక్షాకి మూడు చక్రాలున్నాయిగా! రేపు పొద్దున్నే వచ్చెయ్" అన్నాడు. మర్నాడు కంచు వాళ్ళ నాన్న బస్సు దిగేసరికి కొడుకు గొంతు ఆయనకు ఎదురెళ్ళింది. ఆయన రోడ్డు పక్కన నిలబడి కండువాతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. నాకూ కళ్ళు తడిశాయి.

సంగతంతా విని టీచరమ్మ గొడుగు కిందపడేలా నవ్వారు. నవ్వు ఆగాక నా వంక చూసి, "షాపాయన చెప్పింది నిజమే బాబూ. నువ్వు మాట్లాడవు. అందుకే నీ దగ్గర అందరూ మాట్లాడతారు" అన్నారు. ట్రైనింగ్ అయిపోగానే నన్ను అక్కడే ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. వచ్చినవాళ్ళు తమకేం ఇష్టమో చెప్పుకునేవారు, నేను వినేవాణ్ణి. రిటైరయ్యేదాకా చేసిన పని అదే.

ఇప్పుడు మా వీధిలో రికార్డు చేసిన గొంతులతో ఆటోలు తిరుగుతున్నాయి. ఏ మామ్మగారు ఏమడిగినా అవి ఆగి జవాబు చెప్పవు. అవి వెళ్ళినప్పుడల్లా కంచు గుర్తొస్తాడు, అతని పక్కన మైకు పట్టుకుని నీళ్ళు నమిలిన బక్కపలచటి కుర్రాడూ గుర్తొస్తాడు. షాపాయన వాడి మీద ఎంత జాలిపడ్డాడో! పాపం, ఆయనకేం తెలుసు, తన నోటిమాటతోనే ఆ పూట వాడికీ ఉద్యోగం దొరికిందని.